జంగమ్మ కాపలా కాసిన యంత్రం

తొండుపల్లిలో మా ఇంటి గోడ, జంగమ్మత్త ఇంటి గోడ ఒక్కటే. ఆమె అవతల కోపంగా గిన్నె కింద పెడితే ఇవతల మాకు తెలుస్తుంది. ఈ ఎండాకాలమంతా ఆ గిన్నెల చప్పుడు ఆగలేదు. వినీ వినీ ఆ కోపం నాకూ అంటుకుంది. కొంచెం చల్లబడ్డాక రాస్తే మర్యాదగా ఉంటుందని మా ఆవిడ అంది. మర్యాదగా రాయాలని నాకు లేదు.

నా పేరు శేఖర్. శంషాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. శాస్త్ర పరిశోధన, ప్రభుత్వ ప్రోత్సాహం అని పాఠంలో వస్తే ఆ వాక్యం కింద పిల్లలచేత గీత గీయిస్తాను, పరీక్షలో వస్తుందని. ఆ ప్రోత్సాహం మా పక్కింటామె మెడకు ఎలా చుట్టుకుందో పాఠంలో ఎవరూ రాయరు.

జంగమ్మత్త కోపం ఇవాళ్టిది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆమె కొత్తిమీర, పాలకూర గంపలో పెట్టుకుని బస్సెక్కి ఆరాంఘర్‌లో అమ్మేది. ఒకరోజు కండక్టర్ తొందరలో గంపను కాలితో కిందికి నెట్టాడు. కట్టలన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. పోయి బస్సు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వెనక లారీలు, కార్లు, ఆటోలతో చౌరస్తా నిండిపోయింది. పోలీసాయన వచ్చి నీ కొత్తిమీర విలువెంతో చెప్పమ్మా, ఇప్పిస్తానన్నాడు. “పైసలెవలడిగిండ్రు? వాడు కిందికి దిగాలె. ఒక్కొక్క కట్ట ఏరి గంపల పెట్టాలె” అంది. కండక్టర్ దిగాడు, ఏరాడు. ఆఖరి కట్ట మీద మట్టి దులిపించాకే ఆమె లేచింది. ఇప్పటికీ ఆ సంగతి మా ఊళ్లో చెప్పుకుంటారు.

మోకాళ్ల నొప్పులు పట్టాక గంప మానేసి, ఒక ఏజెన్సీ ద్వారా విమానాశ్రయంలో ఊడ్చే పనికి కుదిరింది. అక్కడి నుంచి ఆ ఏజెన్సీవాళ్లే కొత్తూరు దగ్గర ఒక గోదాముకు పగటి కాపలాకు పంపారు. చీర మీద ఖాకీ చొక్కా తొడిగి, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని ఆమె మొదటిరోజు బయల్దేరినప్పుడు వాకిట్లో నిలబడి చూశాం. “ఏం కాపలా అత్తా?” అని అడిగాను.

“సూపర్ కంప్యూటరట. పెద్ద పెద్ద పెట్టెలల్ల వస్తున్నది. సర్కార్ ఇచ్చిందట” అంది, తానే ఇప్పించినట్టు.

ఇవ్వడం నిజమే. ఢిల్లీలో ఒక పథకం పెట్టారు. దేశంలో పెద్ద లెక్కలు చేసే యంత్రాలు ఉండాలి, వానలు, వరదలు, మందులు, లోహాలు అన్నిటి మీదా మన పరిశోధకులు మన దగ్గరే పనిచేయాలి అన్నారు. మంచి మాట. హైవే పక్కనున్న ఒక పరిశోధన సంస్థకు యంత్రం మంజూరైంది. యంత్రానికి డబ్బులు వచ్చాయి గాని దాన్ని పెట్టే భవనానికి రాలేదు. భవనానికి వచ్చేసరికి కరెంటు లైను రాలేదు. ఈలోగా యంత్రం మాత్రం విమానంలో దిగిపోయింది. పెళ్లికూతురు వచ్చేసింది, పందిరి గుంజలు ఇంకా అడవిలో ఉన్నాయి. ఏం చేస్తారు? కొత్తూరులో గోదాము అద్దెకు తీసుకుని పెట్టెలన్నీ అందులో పెట్టారు.

పెట్టెలు దిగిన రోజు గోదాములో పండగే. సంస్థ డైరెక్టరు గారు పట్టుపంచె కట్టుకుని వచ్చారు. పరిపాలనాధికారి జగదీశ్ పూలదండలు, గుమ్మడికాయ, కొబ్బరికాయలు, పూజకు అయ్యగారు, అన్నీ సిద్ధం చేశాడు. పెట్టెలు మనిషెత్తు చెక్క పెట్టెలు. ప్రతి పెట్టె మీద ఛాతీ ఎత్తులో అగ్గిపెట్టెంత తెల్లటి బిళ్ల ఒకటి అంటించి ఉంది. చెక్కంతా గరుకుగా ఉంటే అదొక్కటే నున్నగా, తెల్లగా, బొట్టు కోసమే పెట్టినట్టు కనిపించింది. డైరెక్టరు గారు పసుపు కుంకుమ నీళ్లతో కలిపి, వేలితో ఆ బిళ్ల మీద మొదటి బొట్టు పెట్టారు. ఆయన వెనక జగదీశ్, అతని వెనక సిబ్బంది. ఫొటోలు తీశారు, చప్పట్లు కొట్టారు. ఆ బిళ్ల ఏమిటని ఒక్క మనిషి అడగలేదు. యంత్రం క్షేమంగా అందినట్టు సంతకం చేసి కంపెనీవాళ్లను పంపించేశారు.

వెళ్లేముందు జగదీశ్ జంగమ్మత్తను పిలిచాడు. “శుక్రవారం శుక్రవారం ఊడ్చి, పెట్టెలకు ఇట్లనే బొట్టు పెట్టాలె. డైరెక్టరు గారు చెప్పమన్నరు.”

ఆమె పెట్టింది. ఒక్క శుక్రవారం తప్పలేదు.

కొన్నాళ్లకు ఢిల్లీ నుంచి పెద్ద అధికారి వస్తున్నారని గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. డైరెక్టరు గారు బొట్టు పెడుతున్న ఫొటో, కింద బంగారు అక్షరాలతో ‘దేశ మేధస్సుకు మా తిలకం’. అధికారి రాలేదు. ఫ్లెక్సీ గాలికి కొట్టుకుంటుంటే జగదీశ్ విప్పి పడేయమన్నాడు. “పారేస్తే ఎట్ల సారూ, నేను తీసుకపోనా?” అని ఆమె అడిగింది. తీసుకుపొమ్మన్నాడు. మా ఊళ్లో ఫ్లెక్సీ వృథాగా పోవడమన్నది లేదు. నాయకుల పుట్టినరోజులు, ప్లాట్ల అమ్మకాలు, పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు అన్నీ చివరకు వరిగడ్డి మీదనో, కట్టెల మోపు మీదనో చేరతాయి. జంగమ్మత్త దాన్ని మేకల కొట్టం పైన కప్పింది. ఎండకు వేడెక్కొద్దని తెల్లవైపు పైకి, బొమ్మవైపు కిందికి తిప్పింది.

ఆ గోదాముకు అప్పుడప్పుడు అనుపమ అనే అమ్మాయి వచ్చేది. సంస్థలో పరిశోధకురాలు, గుంటూరు వైపు పిల్ల. పెట్టెల మధ్య తిరిగి, చేత్తో తడిమి, నిట్టూర్చి పోయేది. ఒకరోజు జంగమ్మత్త ఆమెను పట్టుకుంది.

“ఏంది బిడ్డా, బంధువులను దవాఖానల జూసినట్టు జూసిపోతవు?”

“వడగళ్ల మీద పనిచేస్తున్నానక్కా. ఏ మబ్బులో వడగళ్లున్నాయి, ఏ ఊరి మీద పడతాయి అని. మామూలు కంప్యూటరు మీద ఆ లెక్క తేలేలోపు వాన వచ్చి వెళ్లిపోతుంది. ఇది ఉంటే తేలుతుంది.”

“అంటే మా ఊరి మీద పడేదుంటే ముందుగాల జెప్తవా?”

“ఇప్పుడే చెప్పలేనక్కా. ముందు నేర్చుకోవాలి. నేర్చుకోవడానికే ఈ యంత్రం.”

ఆ మాట జంగమ్మత్తకు ఎక్కడో తగిలింది. మొగుడు శంకరయ్య కౌలుకు పట్టిన చేనులో టమాట వేస్తాడు. అంతకుముందు ఏడు కాత మీదున్న టమాటను వడగండ్లు నేలకు అంటించేశాయి. అప్పటినుంచి ఆ పెట్టెలు ఆమెకు తన ఇంటి సరుకే అయ్యాయి. రేకుల్లోంచి నీళ్లు కారితే ఫోన్లు చేసి జగదీశ్‌ను తిట్టినంత పని చేసి టార్పాలిన్లు తెప్పించింది. ఎలుకలు చేరకుండా మూలమూలా ఊడ్చింది. పరిశోధన అంటే ఏమిటో ఆ సంస్థలో సగం మంది కంటే ఆమెకే ఎక్కువ పట్టింది.

ఏడాది గడిచింది, రెండో ఏడూ గడిచింది. భవనం లేవలేదు. రెండో ఎండాకాలం మళ్లీ వడగండ్లు పడ్డాయి. శంకరయ్య చేను మళ్లీ పోయింది. మర్నాడు ఆమె డ్యూటీకి వచ్చి, గోదాము తలుపు తీసి, మొదటి పెట్టెను అరచేత్తో చరిచింది. “లెవ్వు! ఎన్నొద్దులు పంటవు? తిని కూసుంటానికి తెచ్చిండ్రా నిన్ను?” అని అరిచింది. అప్పుడే అటు వచ్చిన జగదీశ్ చూసి నవ్వుకుంటూ పోయాడు. ఆ రోజు చూసింది తర్వాత పనికొచ్చింది అతనికి.

అనుపమ ప్రాజెక్టు గడువు కూడా ఆ వేసవిలోనే తీరింది. పొడిగింపు అడిగితే, ఇంతకాలం ఏం ఫలితాలు సాధించారో చూపించమన్నారట! యంత్రాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసిందీ వాళ్లే, ఫలితం అడిగిందీ వాళ్లే. ఆ అమ్మాయి పోయేముందు గోదాముకు వచ్చి జంగమ్మత్తను కావలించుకుని ఏడ్చి, బెంగళూరులో ఏదో కంపెనీలో చేరిపోయింది. ఇప్పుడు జనం ఫోన్లలో ఏ చెప్పులు కొంటారో లెక్క కడుతోందని విన్నాను. నాకు ఒళ్లు మండిపోతుంది ఇది రాస్తుంటే.

చివరకు మొన్న చలికాలం భవనం పూర్తయింది. పెట్టెలు తరలించి విప్పారు. ఒక పెట్టెలో యంత్రం చట్రం వంగి, లోపలి చల్లనీటి గొట్టాలు చిట్లి ఉన్నాయి. అది లేకపోతే మిగతావి నడవవు. కంపెనీ మనిషి వచ్చి చూశాడు. ముందు పెట్టె మీది తెల్ల బిళ్ల చూపించమన్నాడు.

అప్పుడు తెలిసింది ఆ బిళ్ల సంగతి. దానిలో సన్నటి గాజు గొట్టం ఉంటుంది. దారిలో పెట్టె పడినా, గట్టి దెబ్బ తగిలినా ఆ గొట్టం ఎర్రబడుతుంది. పెట్టె దింపుకునేటప్పుడే చూసి, ఎర్రగా ఉంటే తీసుకోకుండా చెప్పాలి. అంతే. కాని ఇక్కడ అన్ని బిళ్లల మీదా కుంకుమ వేలిమందం పేరుకుని ఉంది. గీకితే కింద కాగితంతో సహా ఊడి వచ్చింది. తడి లోపలికి దిగి ప్రతి గొట్టమూ ఎర్రగానే ఉంది. ఏది దెబ్బకు ఎర్రబడింది, ఏది భక్తికి ఎర్రబడింది? కంపెనీ మనిషి క్షేమంగా అందిందన్న సంతకం చూపించి చేతులు దులుపుకున్నాడు.

ఇగ విచారణ. డైరెక్టరు గారే అధ్యక్షులు, పక్కన జగదీశ్, బయటినుంచి రిటైరైన అధికారి ఒకాయన. పిలిచింది ఎవరిని? జంగమ్మత్తను. చదువుకున్నవాడు పక్కన ఉండాలని ఆమె నన్ను వెంట తీసుకుపోయింది. నన్ను గోడ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడవద్దన్నారు. ఆమెను నిలబెట్టారు.

“చూడమ్మా, పెట్టెల మీద కుంకుమ పెట్టింది నువ్వేనా?” డైరెక్టరు గారు అడిగారు.

“పెట్టిన.”

“ప్రతివారం?”

“శుక్రం శుక్రం పెట్టిన. ఎవలు పెట్టుమన్నరో గది గూడ అడుగుండ్రి.”

“అడిగినదానికే జవాబు చెప్పు. పెట్టెను కొట్టావట కదా?”

“అరచెయ్యితోని కొట్టిన. కోపమొచ్చింది, కొట్టిన. మీకెందుకు రాలేదో కోపం!”

“సరే, చాలు” అన్నారాయన. జగదీశ్ తన ఫోను చూసుకుంటున్నాడు. ఆమె అతని వైపు తిరిగింది. “చెప్పు సారూ. నువ్వే గద చెప్పింది, డైరెక్టరు సారు చెప్పమన్నడని?” అతను తల ఎత్తలేదు. నేను లేచి ఏదో అనబోతే బయటికి పంపించారు.

సాయంత్రానికల్లా ఏజెన్సీ నుంచి ఫోను. రేపటినుంచి డ్యూటీకి రావద్దు, ఇంకెక్కడా పని ఇవ్వలేము అన్నారు. మర్నాడు ఊళ్లోకి మాట పాకింది, కోట్ల యంత్రాన్ని జంగమ్మ బొట్టు పెట్టి ఖరాబు చేసిందని. నల్లా దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి బిందెలకు బొట్టు పెట్టమని పరాచికాలాడారు. బస్సులో ఎవరో కుర్రాళ్లు మొబైల్‌కు కుంకుమ కావాలా అని నవ్వారు. ఆరాంఘర్ చౌరస్తాను ఆపిన మనిషి ఏమీ అనకుండా ఇంటికి వచ్చింది. అది చూడలేకపోయాను.

“ఎందుకొప్పుకున్నవే? పెట్టలేదంటే అయిపోవు గద” అన్నాడు శంకరయ్య.

“పెట్టిన గద! పెట్టినంక పెట్టలేదని ఎట్లంట? పని పోతే పోనియ్యి. నా పేరు నాకు గావాలె.” గోడ అవతల గిన్నె ఠంగుమంది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఆమె కేక విని పరుగెత్తాను. మేకల కొట్టంలో నిలబడి పైకి చూస్తోంది. “శేఖరూ, మీదికి జూడు!” అంది. చూశాను. కొట్టం కప్పు లోపలివైపు డైరెక్టరు గారు పట్టుపంచెతో నవ్వుతున్నారు. ఎండ తగలక రంగు చెక్కు చెదరలేదు. చాచిన వేలు సరిగ్గా ఆ తెల్ల బిళ్ల మీద ఉంది. పక్కన కుంకుమ పళ్లెం పట్టుకుని జగదీశ్. ఇంతకాలం ఆ ఇద్దరిని చూస్తూ మేకలు నెమరు వేసుకున్నాయి. మేము విచారణలో నోరు మూయించుకుని వచ్చాం.

మర్నాడు పిలవకుండానే సంస్థకు వెళ్లాం. ఫ్లెక్సీని చుట్టి ఆమె నెత్తిన పెట్టుకుంది. వరండాలో పరిచింది. మేక పెంటికలు రెండు మూడు దొర్లాయి. కమిటీ ముగ్గురూ బయటికి వచ్చారు. రిటైరైన అధికారి కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు, తర్వాత డైరెక్టరు గారి వైపు చూశాడు.

“ఇది పూజ ఫొటో మాత్రమే” అన్నారు డైరెక్టరు గారు.

“నాది గూడ పూజనే గద సారూ!” అంది జంగమ్మత్త.

జగదీశ్ వంగి ఫ్లెక్సీ అంచు పట్టుకున్నాడు. “ఇది సంస్థ ఆస్తి, ఇక్కడే ఉంచు” అన్నాడు.

“చెయ్యి తియ్యి! పారెయ్యమన్ననాడు చెత్త, ఇయాల ఆస్తా? నా మేకల కప్పు ఇది.” చుట్టుకుని నెత్తిన పెట్టుకుని వచ్చేసింది.

దాని ఫలితం ఏమైందో ఏజెన్సీ అతను చెప్పాడు. కమిటీ తన నివేదిక మార్చిందట. జరిగిన నష్టానికి ఏ ఒక్కరూ బాధ్యులు కారని, సమన్వయ లోపమని తేల్చిందట. ఆమె పేరు తీసేశారు. పని మాత్రం తిరిగి ఇవ్వలేదు. మూడేళ్లలో ఆ యంత్రం ఎలాగూ పాతబడిపోయింది కాబట్టి పరిశోధన కుంటుపడకుండా ప్రభుత్వం ఇంకా పెద్ద యంత్రానికి సాయం మంజూరు చేసిందట. ఇది విని ఆమె నా వైపు తిరిగింది.

“అయితే తప్పు నాదైతే నా పేరు రాస్తరు. వాళ్లదైతే ఎవలదీ గాదంటరు. గంతేనా శేఖరూ?”

సోషల్ పంతులును, సిగ్గుగా ఉంది.

ఊళ్లో మాత్రం మాట మారలేదు. నివేదిక ఎవరు చదువుతారు? బొట్టు జంగమ్మ అన్న పేరు అలాగే ఉండిపోయింది.

పోయిన వారం కొత్త యంత్రం వచ్చింది. ఈసారి నేరుగా సంస్థ ఆవరణలోకే. ఆ గేటుకు ఎదురుగా, రోడ్డు దాటితే నసీరుద్దీన్ పంక్చర్ దుకాణం ఉంది. పొద్దున్నే జంగమ్మత్త ఫ్లెక్సీ తెచ్చి అతని దుకాణం ముందు గోడకు కట్టుకుంటానంది. “కట్టుకో అక్కా, గోడ నాదే గదా. ఎవరొస్తరో రానీ” అన్నాడు నసీరుద్దీన్. మేకులు కొట్టింది కూడా అతనే. నేను బడికి సెలవు పెట్టి ఒక కొస పట్టుకున్నాను.

లారీ వచ్చింది. మొదటి పెట్టెను గేటు లోపలే దింపారు. అయ్యగారు, పూలు, గుమ్మడికాయ, కెమెరాలు, అంతా మళ్లీ అదే. జగదీశ్ కుంకుమ పళ్లెం అందించాడు. డైరెక్టరు గారు వేలు ముంచి పెట్టె వైపు తిరిగారు. పెట్టె మీద తెల్ల బిళ్ల. తెరిచిన గేటులోంచి ఎదురుగా గోడ మీద, మనిషికి రెండింతల ఎత్తున తానే, అదే వేలు, అదే బిళ్ల. ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. కెమెరాలవాళ్లు ఆయన చూస్తున్న వైపు తిరిగారు.

జంగమ్మత్త రోడ్డు దాటి గేటు దాకా నడిచింది. కొత్త కాపలావాడు అడ్డం వచ్చాడు. ఆమె ఆగిన చోటినుంచే అరిచింది, ఆరాంఘర్‌లో బస్సులను ఆపిన గొంతుతో.

“ముందుగాల సూడుండ్రి సారూ! ఎర్రగున్నదా, తెల్లగున్నదా?”

కెమెరాలున్నాయి. డైరెక్టరు గారు మెల్లగా వంగి బిళ్లను చూశారు. కనురెప్ప కొట్టినంతసేపు కూడా పట్టలేదు.

“తెల్లగానే ఉంది” అన్నారు, ఎవరికి చెబుతున్నారో తెలియకుండా.

“గింతేనా?” అంది జంగమ్మత్త. “గీ ఒక్క సూపేనా? ఆనాడు గిట్ల వంగి ఒక్కపారి సూడనీకి నీకు తీరలే. ఆ వడగండ్ల పిల్ల సదువు పాయె, నా పని పాయె. నా పేరు గూడ ఖరాబు జేస్తివి గదయ్యా!”

డైరెక్టరు గారు వేలికున్న కుంకుమను రుమాలుతో తుడుచుకున్నారు. పళ్లెం జగదీశ్ చేతిలోనే ఉండిపోయింది. ఆమె రోడ్డు దాటి వచ్చాక, ఫ్లెక్సీ విప్పనా అని నేను అడిగితే వద్దంది.

“ఉండనియ్యి. మేకలకు తాటికమ్మ కప్పుతా.”